నోటితో అని రాసి ఉంది

లాండ్రీలో అందరూ కేకలు వేసి మాట్లాడుకుంటారు. ఒక పక్క దుప్పట్లు పిండే యంత్రాలు, మరో పక్క ఆరబెట్టే డ్రమ్ములు, మధ్యలో ఆవిరి గొట్టాల బుసలు. ఆ రొదలో పక్క మనిషి మాట కూడా చెవిన పడదు. పని ముగించి బయటికి వచ్చాక కూడా ఆ గొంతులు వెంటనే దిగవు. దారిన పోయేవాళ్లు పోట్లాట అనుకొని ఆగి చూస్తారు. అంతమందిలో కేక వేయనిది ఒక్కతే. ఆసుపత్రుల నుంచీ హోటళ్ల నుంచీ వచ్చిన దుప్పట్లను, ఉతికిన తరువాత, వేడి రోలర్ల మధ్యకు అందించే పని ఆమెది. అందుకే అందరూ ఆమెను రోలరక్క అంటారు. దుప్పటి ఇంకా తడిగా ఉందంటే రెండు వేళ్లు చెంపకు ఆనిస్తుంది. చిరిగిందంటే చూపుడువేలితో గాలిని చీరుతుంది. టీ వచ్చిందంటే బొటనవేలు పెదవికి చేరుస్తుంది. ఆ సైగలు ఇప్పుడు అక్కడ అందరికీ వచ్చు. రొదను జయించడానికి ఆమె కనిపెట్టిన ఉపాయమని చాలాకాలం అనుకున్నారు. అది ఆమె మాతృభాష అని తెలియడానికి ఏళ్లు పట్టింది.

ఆమె తల్లిదండ్రులిద్దరికీ పుట్టుకతోనే వినికిడి లేదు. తండ్రి వడ్రంగి. తల్లి ఇంట్లో కుట్టుమిషను మీద దిండు గలీబులు కుట్టేది. పుట్టిన బిడ్డకు వినిపిస్తుందో లేదో తెలుసుకొనే మార్గం వాళ్లకు లేదు. ఎదురింటావిడ వచ్చి, ఉయ్యాల వెనుక పళ్లెం జారవిడిచి, బిడ్డ ఉలిక్కిపడగానే తల్లి భుజం తట్టి తన చెవి చూపించింది. వినపడనివాళ్లలో ప్రతి మనిషికీ చేత్తో చూపే పేరు ఒకటి ఉంటుంది. తల్లి ఆ క్షణంలోనే బిడ్డకు పేరు పెట్టింది: చూపుడువేలితో చెవితమ్మెను తాకడం. పేరు ముద్దుగానే ఉంది. అయితే అందులో ఒక ఉద్యోగం కూడా ఉంది.

ఇంటి యజమాని వీధిలో నిలబడి కసిరితే ఆ కసురును చేతులతో ఇంట్లోకి మోసుకువచ్చేది ఆ పిల్లే. కొట్టువాడితో బేరం, నీళ్ల పంపు దగ్గర తగువు, బడిలో తన మీద వచ్చిన ఫిర్యాదు, అన్నీ ఆమె గుండానే నడిచేవి. ఫిర్యాదులను మాత్రం కొంచెం కుదించేది. తండ్రి జబ్బుపడ్డప్పుడు డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, "ఇక మందులు పనిచేయవమ్మా. మీ అమ్మకు చెప్పు" అని మరో గదిలోకి వెళ్లిపోయాడు. వరండాలో బల్ల మీద కూర్చున్న తల్లి ఎదుట నిలబడి ఆమె చెప్పింది. తల్లి అడిగిన మొదటి ప్రశ్న, "సరిగ్గా విన్నావా?" అని. ఆమె తల ఊపింది. మాటను మోసుకువచ్చే మనిషికి ఆ బరువు ఎక్కడ తగిలిందో చూసేవాళ్లు ఉండరు. ఆ రోజూ ఎవరూ చూడలేదు.

పెద్దయ్యాక పెళ్లి మాటలు వచ్చాయి, పోయాయి. మాట రాని అత్తగారితో వేగడం తమవల్ల కాదని వచ్చినవాళ్లు తేల్చేవారు. ఆ తేల్చిన మాటను తల్లికి తెలియజేసిందీ ఆమే. కొన్నిచోట్ల మెత్తబరచి తెలియజేసింది. వినేవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు సగం మనసు ఇంటి దగ్గర ఉండేది, ఎవరైనా తలుపు తడితే తల్లికి తెలియదు కనుక. తండ్రి స్నేహితులైన వినపడనివాళ్లు చేరినచోట చేతులు గలగలా కదిలేవి. వినేవాళ్ల మీద ఒక ఛలోక్తి పడేది. అందరూ నవ్వి, ఆమెను చూసి, "నువ్వు కాదులే" అనేవారు. ఆ "కాదులే" దగ్గరే ఆమె ఆ గుంపు నుంచి బయట పడేది. ఏ వరుసలోనూ ఆమెకు సొంత కుర్చీ లేదు.

లాండ్రీలో రోలరు నుంచి వచ్చిన దుప్పట్లను మడతపెట్టే పనిలో ఒక పెద్దావిడ ఉంది. అందరికీ ఆమె మడతల పిన్ని. ఒక ఆదివారం ఆ పిన్ని ఆమెను తమ ప్రార్థన కూటానికి తీసుకువెళ్లింది. టైర్ల దుకాణం మీది మేడగది అది. నలభైమంది దాకా వచ్చేవారు. పరిశుద్ధ గ్రంథంలోని ప్రతి మాటా వాళ్లకు రాసింది రాసినట్టు పాటించవలసిన మాట. భూమి మీద ఎవరినీ తండ్రి అని పిలవవద్దని అందులో ఉంది కనుక అక్కడ ఎవరినీ అయ్యా అనరు, గురువుగారూ అనరు. అన్నా, అక్కా అంటారు. పసిపిల్లలు కన్నతండ్రిని కూడా అన్నా అనే పిలుస్తారు. శిష్యులు చీట్లు వేశారు కనుక గది ఊడ్చే వంతు ఎవరిదో చీట్లు వేసే తేలుస్తారు. ఆ చీటీ నెల విడిచి నెల పిన్నికే వచ్చేది.

"దేవుడికి నా ఊడ్చడం నచ్చినట్టుంది" అనేది పిన్ని, చీపురు అందుకుంటూ. "మా ఆయనకు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నచ్చలేదు."

పరిశుద్ధమైన ముద్దుతో ఒకరినొకరు పలకరించుకోవాలని కూడా రాసి ఉంది. అందుచేత ఆ గదిలో ఆడవాళ్లు ఆడవాళ్ల చెంపను పెదవులతో తాకి పలకరించేవారు. మొదటి ఆదివారం అయిదారుగురు ఆమె చెంపను అలా తాకి, "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగారు. అడిగింది తల్లి గురించి కాదు, తన గురించి. ఆమె గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. ఆమెను ఆ గదిలోకి తెచ్చి కూర్చోబెట్టింది అక్షరానికి కట్టుబడిన ఆ పద్ధతే. ఆ మేలును ఆమె ఎన్నడూ మరవలేదు.

ఆ కూటానికి పెద్దగా ఉన్నది గడియారాలన్న. గోడగడియారాలూ చేతిగడియారాలూ బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. సన్నని మనిషి, మాట మెత్తన, పట్టు గట్టిది. ఆమె తల్లిని వెంట తెచ్చినప్పుడు ఆయనే వేదిక పక్కన ఒక ఎత్తుపీట వేయించి, "ఇక్కడ నిలబడి మీ అమ్మకు చెప్పు" అన్నారు. సభలో స్త్రీ గొంతు ఎత్తకూడదని రాసి ఉంది. చేతులకు చప్పుడు లేదు కనుక తప్పు లేదని ఆయన తేల్చారు. సంగతి తెలిసి మరికొందరు వినపడనివాళ్లు వచ్చి చేరారు: బేకరీలో పిండి కలిపే భార్యాభర్తలు, ఇళ్లకు నేల పరిచే టైల్స్ మేస్త్రీ. ముందు బెంచీ వాళ్లదయింది. అన్న పెట్టిన షరతు ఒక్కటే.

"గ్రంథానికి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. నేను చదివింది చదివినట్టు చూపించు."

ఆమె అలాగే చేసింది. అయితే చేతుల భాషకు ఆ అలవాటు లేదు. అది మాట వెనుక మాటను వరుసగా పేర్చదు. గాలిలో ఒక చోటు గీసి, ఆ చోటులో మనుషులను నిలబెట్టి, జరిగింది జరిగినట్టు కళ్లకు కట్టిస్తుంది. ఒకనాడు అన్న చదివిన భాగంలో ప్రభువు తానే తలుపునని అంటాడు. ఆమె మాటకు మాట చూపించింది: నేను, తలుపు. బెంచీ మీద నలుగురూ ఒకేసారి వెనక్కి తిరిగి తలుపు చూశారు. ఎవరూ రాలేదు. మళ్లీ ఆమెను చూశారు. ఆమె మళ్లీ చూపించింది: నేను, తలుపు.

మరుసటి ఆదివారం టైల్స్ మేస్త్రీ నూనె డబ్బా, స్క్రూడ్రైవరు తెచ్చి, పాట సాగుతూ ఉండగానే మోకాళ్ల మీద కూర్చొని తలుపు కింది మడతబందు బిగించాడు. ఆ తలుపు ఎన్నాళ్లుగానో నేలను రాస్తూ ఉంది. దేవుడు రెండుసార్లు చెప్పినా ఇంతమందిలో ఒక్కరూ పట్టించుకోలేదే అని అతని బాధ.

"నేను చేశానని ఆయనకు చెప్పు" అని, చేతులు తుడుచుకుంటూ గడియారాలన్నను చూపించాడు. "ఇప్పుడు చక్కగా పడుతోంది."

సభ ముగిశాక ఆమె అన్నకు అంతా చెప్పలేదు. తలుపు బాగుచేశానంటున్నాడని మాత్రం చెప్పింది. అన్న సంతోషించి అతని భుజం తట్టారు.

ఇంటికి వెళ్లి తల్లికి అసలు సంగతి చెప్తే తల్లి పడి పడి నవ్వింది. నవ్వు తేరుకున్నాక, "మరి నువ్వు ఏమని చూపించవలసింది?" అని అడిగింది. ఆమె చూపించింది: రాత్రి; లోపల గొర్రెలు; దొడ్డికి తలుపు లేదు; కాపరి తానే ఆ సందులో అడ్డంగా పడుకున్నాడు; తోడేలు వచ్చి, వాసన చూసి, ఆయనను దాటలేక తిరిగిపోయింది. తల్లి ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది.

"అదే చూపించకపోయావా?"

"అది రాసి లేదమ్మా."

"రాసి లేకపోవడమేమిటి, ఇప్పుడే నేను చూశాను కదా."

మరోసారి అన్న చదివిన భాగంలో, మనుషులను రక్షించలేనంత పొట్టిది కాదు దేవుని చెయ్యి అని వచ్చింది. బేకరీ ఆవిడ ముఖం వెలిగిపోయింది. సభ ముగియగానే రోలరక్క చెయ్యి పట్టుకొని, "దేవుడికి చేతులున్నాయా? అయితే ఆయనకు మన భాష వచ్చు" అంది. ఆ ప్రశ్నను రోలరక్క అన్న దగ్గరకు తీసుకువెళ్లింది.

"దేవుడు ఆత్మ" అన్నారు అన్న. "ఆయనకు చేతులుండవు. మనకు అర్థం కావడానికి చెప్పిన పోలిక అది."

ఆ జవాబును బేకరీ ఆవిడకు చూపించేటప్పుడు ఆమె చేతులు బరువెక్కాయి. ఆ బెంచీకి దేవునితో దొరికిన ఒక్క చుట్టరికమూ పోలికగా తేలిపోయింది.

ఆ తరువాతి ఏడు తల్లి తనకు బాప్తిస్మం కావాలంది. బాప్తిస్మం పొందనివాళ్లకు ఆ గదిలో రొట్టె అందదు. పళ్లెం ముందు బెంచీ దాకా వచ్చి, అక్కడినుంచి వెనుక బెంచీకి తిరిగిపోయేది. "చుట్టాలింటికి పిలిచి, విస్తరి వేయడం మరిచిపోయినట్టుంది" అంది తల్లి. బేకరీ భార్యాభర్తలూ మేస్త్రీ నోరెత్తలేదు, అంటే చెయ్యెత్తలేదు. కాని ముగ్గురి చూపూ తల్లి మీదనే ఉంది. ఆమెకు ఏది జరిగితే తమకూ అదే.

గడియారాలన్న కొన్నాళ్లు ఆలోచించారు. ఆ తరువాత రోలరక్కను పిలిచి, గ్రంథం తెరిచి ఒకచోట వేలు పెట్టారు. హృదయంలో నమ్మి, నోటితో ఒప్పుకున్నవాళ్లకు రక్షణ అని అక్కడ ఉంది.

"హృదయం దేవుడికి కనిపిస్తుంది. ఒప్పుకోలు మాకు వినపడాలి. నోటితో అని రాసి ఉంది, నేనేం చేయను?"

"ఆమె చేతులతో చెప్తుంది, నేను పైకి పలుకుతాను. కొట్లో, బ్యాంకులో, ఆసుపత్రిలో అంతటా అలాగే కదా జరుగుతోంది."

"అది నీ నోరమ్మా. నీది నువ్వు ఎప్పుడో ఒప్పుకున్నావు." ఆయన గొంతులోని జాలి నిజమైనదే. "ఒక్క మాట చాలు. ప్రభువు అని తన గొంతుతో అంటే చాలు. స్పష్టంగా లేకపోయినా ఫరవాలేదు. నీళ్ల దగ్గర నేను ఒక్కణ్ణే దగ్గరగా నిలబడి వింటాను."

ఆమె సంతోషించింది. కర్ర విరగకుండా పాము చచ్చే దారి దొరికిందనుకుంది. తల్లికి రొట్టె అందాలి. తనకు ఆ మేడగదీ ఉండాలి. చెంప తాకి ఎలా ఉన్నావని అడిగేవాళ్లు ఆమెకు మరోచోట లేరు.

మర్నాటి సాయంత్రమే పాఠం మొదలైంది. వంటగదిలో దీపం కింద ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకునేవారు. తల్లి అరచేతిని తన గొంతుకు ఆనించుకొని ఆమె "ప్రభువు" అనేది. ఆ అదురు కోసం తల్లి తన గొంతులో వెతుక్కొనేది. పెదవుల ముందు పలుచని కాగితం ముక్క పట్టుకుంటే, మొదటి అక్షరానికి అది కదలాలి. తల్లి గొంతులోంచి వచ్చిన ధ్వని మాటలా లేదు. బరువైన బల్లను నేల మీద ఈడ్చినట్టు ఉంది. ఆ ధ్వని తల్లికి వినపడదు. కూతురి ముఖంలో కనపడుతుంది.

"బాగుందా?"

"బాగుంది. ఇంకొక్కసారి."

"నీ చేతులు బాగుందంటున్నాయి, నీ కనుబొమలు లేదంటున్నాయి. ఎవరిని నమ్మమంటావు?"

"చేతులనే నమ్ము."

అలా కొన్ని వారాలు నడిచింది. ఒక సాయంత్రం కాగితం రెపరెపలాడింది. అక్షరానికి దగ్గరగా ఏదో పలికింది. "వచ్చేసిందమ్మా, చూశావా" అని ఆమె చేతులు ఎత్తి చూపించింది. తల్లి బదులు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదా అని చూస్తే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చుని ఉంది.

చిన్నప్పుడు తల్లి చదివిన బడిలో, వినపడని పిల్లలు నోటితోనే మాట్లాడాలని నియమం. సైగ చేస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవారు. కొట్టినా మానకపోతే, పాఠం అయ్యేదాకా చేతుల మీద కూర్చోమనేవారు. ఆ సంగతి తల్లి ఎప్పుడో ఒక్కసారే చెప్పింది. ఆ బడి విడిచిన తరువాత ఆమె గొంతు విప్పి మాటకు ప్రయత్నించలేదు. భర్త పోయిన రోజున కూడా ఏడుపు చప్పుడు లేకుండానే సాగింది. ఇప్పుడు ఎవరూ కూర్చోమనకుండానే అలా కూర్చుంది. ముఖం మీద మాత్రం, పంతులమ్మ మెప్పు కోసం ఎదురుచూసే పిల్ల నవ్వు.

రోలరక్క కాగితం ముక్కను పక్కన పెట్టింది. వంగి, తల్లి చేతులను ఒక్కొక్కటే బయటికి తీసింది. కుర్చీ అల్లిక అచ్చు వేళ్ల మీద ఎర్రగా పడి ఉంది.

"ఇక వద్దమ్మా" అంది.

"నాకు వస్తుంది. ఇంకో వారం ఇవ్వు" అంది తల్లి, చేతులు విదిలించుకొని. "నువ్వు ఆ గదిలో ఉండాలి కదా."

ఆ పాఠం అంతా ఎవరి కోసం నడుస్తోందో రోలరక్కకు అప్పుడు తెలిసింది.

మర్నాడు పని దిగగానే ఆమె గడియారాల దుకాణానికి వెళ్లింది. అన్న కంటికి భూతద్దం తగిలించుకొని, పట్టకారుతో ఒక చిన్న చక్రాన్ని దాని ఇరుసు మీద దించుతున్నారు. ఆ చక్రం కూర్చునేదాకా ఆమె మాట్లాడలేదు.

"అన్నా, ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోరు కదా."

"కోపం వచ్చే మాటైతే కూర్చొని అడుగు. నిలబడి అడిగితే ఇంకా ఎక్కువ వస్తుంది."

ఆమె కూర్చుంది. "దేవుడి చెయ్యి పోలిక అన్నారు. తలుపూ పోలికే, ప్రభువు చెక్క కాదు కదా. మరి నోరు ఒక్కటే పోలిక కాకుండా ఎలా పోయింది?"

"ఏది పోలికో ఏది కాదో తేల్చడానికి నువ్వెవరు, నేనెవరు?"

"చెయ్యి పోలికని తేల్చింది మీరే కదన్నా."

అన్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. వీధిలో ఒక బస్సు వెళ్తే అద్దాల తలుపు సన్నగా అదిరింది. ఆ అదురు ఆగేదాకా ఆయన అటే చూశారు.

"నువ్వు అడిగింది సబబే అనుకో" అన్నారు. "ఈ మాటకు కొంచెం చోటిస్తాను. పక్క మాట కూడా వచ్చి నాకూ చోటివ్వమంటుంది. భూమ్మీద ఎవర్నీ తండ్రీ అనవద్దని ఉంది. మావాడికి మాటలు వచ్చేటప్పుడు నాన్నా అనబోతే నేను ఆపాను. అన్నా అను అన్నాను. ఏడ్చేవాడు. బడిలో పిల్లలు వెక్కిరించేవాళ్లు, మీ అన్నకు ఇంత వయసేమిట్రా అని. అలాగే పిలిచి పిలిచి, పెద్దయ్యాక ఒకరోజు ఏమీ పిలవకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు వెళ్లిన బస్సు వాడిదే. రోజూ ఈ దుకాణం ముందు నుంచే నడుపుతాడు. ఇటు తిరగడు."

ఆమె అద్దాల తలుపులోంచి బస్సు పోయిన వైపు చూసింది.

"అది కూడా పోలికే అయితే, నాన్నా అనిపించుకోకుండా ఒక పిల్లాణ్ణి పెంచాను కదా, అది దేనికోసం చేసినట్టు? చెప్పు."

వాదించడానికి వచ్చిన మనిషికి అక్కడ వాదం దొరకలేదు. ఎదుట కూర్చున్నది తనకంటే ఒంటరి మనిషి. ఆ ఒంటరితనంలో ఆయనను నిలబెట్టి ఉంచిన కర్ర ఒక్కటే, అక్షరం మీది ఆ పట్టు. దానిని లాగి చూపించడం ఆమెవల్ల కాలేదు.

"వచ్చే ఆదివారం ఆ భాగమే చదువుతున్నాను" అన్నారు అన్న, భూతద్దం మళ్లీ అందుకొని. "పీట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

"ఏమీ కలపవు కదా."

"కలపను."

ఆదివారం అన్న చదివారు. ఆమె చూపించింది: హృదయం, నమ్మడం, నోరు, ఒప్పుకోవడం, రక్షణ. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. అన్న ఇచ్చిన వివరణ కూడా ఉన్నది ఉన్నట్టు చూపించింది. నోటి సైగ వచ్చినప్పుడల్లా బెంచీ మీద నలుగురి కళ్లూ ఆమె వేలినే అంటిపెట్టుకున్నాయి. బేకరీ ఆవిడ భర్త మోకాలి మీద చెయ్యి వేసింది. మేస్త్రీ తన పెదవులను ఒకసారి తడుముకున్నాడు.

అప్పుడు తల్లి లేచి నిలబడి చేతులు పైకి ఎత్తింది. ఇన్నేళ్లలో మాట వేదిక నుంచి బెంచీకే దిగింది. బెంచీ నుంచి వేదికకు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కించమని ఎవరూ అడగలేదు. తల్లి చెప్పడం ముగించి, చేతులు దించకుండా, కూతురిని చూసింది. రోలరక్క పీట మీద నుంచి సభవైపు తిరిగింది. సభలో స్త్రీ గొంతు ఎత్తకూడదని ఆమెకు తెలుసు. ఎత్తింది.

"నాకు నోరు ఉంది. దాంతో తింటాను, నవ్వుతాను, నా బిడ్డను ముద్దు పెట్టుకుంటాను. మాట్లాడేది మాత్రం చేతులతో. దేవుడు నాకిచ్చిన మాట ఇదే. దీంతోనే ఒప్పుకుంటున్నాను. ఆయనే నా ప్రభువు."

తల్లి చేతులు చెప్పినదాన్ని ఆమె ఉన్నది ఉన్నట్టు పలికింది. "నా బిడ్డ" అన్నచోట మాత్రం, ఆ బిడ్డ తానేనని తోచి ఒక్క క్షణం ఆగింది.

గది అంతా గడియారాలన్న ముఖం చూసింది. ఆయన ముసలావిడ చేతులను చూస్తున్నారు. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అనబోయారని దగ్గరగా ఉన్నవాళ్లు తరువాత చెప్పుకున్నారు. మాట పైకి రాలేదు. ఆయన పేజీ తిప్పి, "పాట పాడుకుందాం" అన్నారు. రోలరక్క బెంచీకి ఆ మాట చూపించి, పీట దిగి, తల్లి పక్కన కూర్చుంది. రొట్టె పళ్లెం వచ్చింది. ఎప్పటిలాగే ముందు బెంచీ దగ్గర తిరిగి వెనక్కి పోయింది. ఈసారి రోలరక్క కూడా అందుకోలేదు.

ఇంటికి నడుస్తూ తల్లీకూతుళ్లు మాట్లాడుకోలేదు. తల్లి ఆమె చెయ్యి పట్టుకొని నడిచింది. చేతులు పట్టుకున్నప్పుడు వాళ్ల మధ్య మాట ఉండదు. అది వాళ్ల మౌనం.

సభలో గొంతెత్తినందుకు తప్పు ఒప్పుకుంటే మళ్లీ పీట ఎక్కవచ్చని కూటం కబురు పంపింది. ఆ కబురు తెచ్చింది పిన్ని. యంత్రాలు ఆగిన విరామంలో టీ గ్లాసు పట్టుకొని వచ్చి పక్కన చతికిలబడింది.

"తప్పయిందని ఒక్క మాట అనేసెయ్యవే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

"నోరు సంగతి నాకింక చెప్పకు పిన్నీ."

"సరే, చెప్పను. కాని బేకరీవాళ్లు రావడం మానేశారు. మేస్త్రీ ఒక్కడే వచ్చి అన్న పెదవులు చూస్తూ కూర్చుంటున్నాడు. ఏం అర్థమవుతోందో మరి, అన్నిటికీ తల ఊపుతున్నాడు."

"అక్కడ సగంమంది చేసేది అదే కదా."

పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది. గ్లాసులో టీ ఒలికింది. లేచి వెళ్లబోతూ అలవాటు కొద్దీ చెంప ముందుకు వంచబోయి, ఆగి, భుజం తట్టి వెళ్లిపోయింది. పరిశుద్ధమైన ముద్దు కూటంలో ఉన్నవాళ్లకే. పిన్ని తప్పు లేదు. అలాగే రాసి ఉంది.

ఆమె తప్పయిందని అనలేదు. రోలర్లు తిరిగినంతసేపూ రోజు గడిచిపోయేది. ఆదివారాలు గడిచేవి కావు. మేడగది ఉన్నది వాళ్ల ఇంటికి వెనుక వీధిలోనే కనుక, గాలి ఇటు వీచినప్పుడు పాట కిటికీలోంచి వినపడేది. ఆ ఇంట్లో అది వినపడేది ఆమెకు ఒక్కదానికే.

ఒక ఆదివారం పొద్దున్న తల్లి మిషను దగ్గర గలీబు అంచు కుడుతోంది. ఆమె కూరగాయలు తరుగుతూ కత్తి ఆపింది. తల్లి అది చూసి, కాలు తీసి, మిషను నిలిపింది.

"పాడుతున్నారా?"

"అవును."

"నువ్వు వెళ్లు. తప్పయిందని చెప్పి వెళ్లు. నేనేమీ అనుకోను. నాకు ఈ ఇల్లు చాలు. నీకు మనుషులు కావాలి."

"వెళ్లనమ్మా."

"నాకోసమైతే వద్దు."

ఆమె తరిగిన ముక్కలను పక్కకు జరిపింది. తడి చేతులు తుడుచుకుంది.

"నీకోసం కాదు. ఆ పీట ఎక్కితే, దేవుడికి చేతుల మాట చెల్లదని నా చేతులతోనే చెప్పాలి. అది నాకు ఇక రాదు."

"ఒంటరిగా ఉంటుంది నీకు."

"ఉంటుంది" అంది.

తల్లి ఆ మాటను కాదనలేదు. కుట్టు కింద ఉన్న గలీబును తీసి పక్కన పెట్టి, కుర్చీని కిటికీ దగ్గరకు, కూతురికి ఎదురుగా జరుపుకుంది.

"ఏమని పాడుతున్నారో చెప్పు."

ఆమె చెవి ఒగ్గి వింది. చేతులు ఎత్తి మొదలుపెట్టింది: కొండ, దాని కింద గాలివాన, ఆ వానలో దారి తప్పిన ఒక మనిషి. రెండో చరణం మధ్యలో గాలి మళ్లింది. పాట వినపడడం మానేసింది. తల్లికి ఆ సంగతి తెలియదు. ఆ మనిషి ఏమయ్యాడన్నట్టు ఆమె వేళ్లనే చూస్తోంది. కూతురు చేతులు దించలేదు. మిగతాది తానే చెప్పింది.